బొటనవేలి వెలుగు

మల్లేశ్వరరావుకి మాట పడిపోయిన తరువాత కూడా ఆ ఇంట్లో ఆయన మాటే చెల్లుతూ వచ్చిందంటే, అందుకు కారణం ఒక టీవీ రిమోటు, ఒక బొటనవేలు.

కైకలూరులో చేపల మేత అమ్మే షావుకార్లు చాలామందే ఉన్నారు గానీ, నోటి చలవ వల్ల వ్యాపారం చేసినవాడు మాత్రం ఆయనే. చెరువు రైతు బస్తా ఎత్తుకునేలోగా చెరువులో నీళ్లు ఏ రంగులో ఉన్నాయో అడిగి, ఇంట్లో పిల్లల పరీక్షల సంగతి కూడా అడిగిగానీ పంపేవాడు కాదు. అటువంటి మనిషికి యాభై మూడో ఏట పక్షవాతం రెండు విడతలుగా వచ్చింది. మొదటి విడత కుడివైపంతా పట్టుకుపోయింది. రెండో విడత మాటనీ, ఎడమచేతినీ పట్టుకుపోతూ, ఏం తోచిందో ఏమో, ఆ చేతి బొటనవేలిని మాత్రం వదిలేసింది.

వారానికి మూడు రోజులు ఏలూరు నుంచి బస్సులో వచ్చి కాళ్లూ చేతులూ ఆడించి వెళ్లే యేసుదాసు ఆ వేలిని చూసి ఎంతో సంతోషించాడు. "షావుకారుగారూ, ఈ వేలు కదులుతున్నన్నాళ్లూ దాని పక్కవాటి మీద నాకు ఆశ ఉంటుందండి. దీన్ని మాత్రం ఖాళీగా ఉంచకండి" అన్నాడు. ఆ మాట మల్లేశ్వరరావు మనసులో నాటుకుపోయింది. తనలో మిగిలిందల్లా ఆ వేలే అనీ, అది కూడా పోయిన రోజున ఇక తను లేనట్టే అనీ ఆయన లెక్కగట్టుకున్నాడు.

కింద కొట్టు, పైన ఇల్లు. కొట్లో ఇప్పుడు ఆయన భార్య బాలసరస్వతి కూర్చుంటోంది. పొద్దున్నే ఆయన ఎడమ అరచేతిలో రిమోటు పెట్టి, పాత నూలు చీర పేలికతో జారిపోకుండా కట్టి, టీవీ పెట్టి కిందికి దిగుతుంది. శబ్దం కొంచెం పెరిగితే దాహమని అర్థం. ఇల్లు అదిరేలా పెరిగితే వెంటనే రమ్మని. భక్తి చానెల్ వినబడితే ఆకలి. వార్తలు వినబడితే కోపం. వంటల చానెల్ పెడితే ఆ పూట కూర బాగా కుదరలేదని. మాట్లాడుతున్న ఆవిడ ముందే టీవీ నోరు నొక్కేశాడంటే ఇక నువ్వు కూడా ఆపు అని. ఈ ఆఖరిది మాత్రం బాలసరస్వతి ఇంతవరకూ అర్థం కానట్టే నెట్టుకొస్తోంది.

మంచం పక్కన కిటికీ. అందులోంచి చూస్తే చేపల చెరువులు ఒకదాని వెనక ఒకటి కొల్లేటి దాకా వెళ్లిపోతాయి. వాటి మధ్య గట్లు సన్నగా కనబడతాయి. చెరువుల్లో గాలి కలిపే నీటి మరలు తిరుగుతూ తెల్లగా తుంపర చిమ్ముతుంటాయి. జబ్బు చేసినప్పటి నుంచీ ఆయన నిద్రకీ మెలకువకీ మధ్య ఉన్న గట్టు తెగిపోయింది. వంటల చానెల్ అమ్మాయి గరిటె పట్టుకుని చెరువు గట్టు మీద నడిచి వెళ్లేది. పక్షులుండే ఆటపాక వైపు నుంచి పెద్ద ముక్కుల గూడబాతులు వచ్చి టీవీలో కూర్చుని వార్తలు చదివేవి. ఆయన వేలు కదిపితే అవి లేచి ఎగిరిపోయేవి. ఇంత పెద్ద కొల్లేరు తన ఒక్క వేలి కింద ఉందని అనిపించినప్పుడు ఆయనకి సుఖంగా ఉండేది.

మహర్నవమి నాటి సాయంత్రం ఆ సుఖం చెడింది. కింద కొట్లో పూజ జరుగుతోంది. సాంబ్రాణి పొగ మెట్లెక్కి పైకి వస్తోంది. పొద్దుట శుభ్రం చేయడానికి ఆపేసిన టీవీ అలాగే నల్లగా ఉంది. ఆయనకి దాహమేసింది. బొటనవేలితో నొక్కాడు. టీవీ రాలేదు. మళ్లీ నొక్కాడు. పదిసార్లు నొక్కాడు. నల్లటి అద్దంలో తన మంచమూ, తనూ తప్ప ఏమీ కనబడలేదు.

కాసేపటికి బాలసరస్వతి ప్రసాదం తెచ్చింది. టీవీ ఆగి ఉండటం చూసి ఆశ్చర్యపోయింది. పేలిక విప్పి, రిమోటు తీసుకుని, టీవీ దగ్గరికి వెళ్లి నొక్కింది. వెంటనే బొమ్మ వచ్చింది.

"పనిచేస్తోంది కదండీ" అంది.

తిరిగి తెచ్చి ఆయన చేతిలో కట్టింది. ఆయన శబ్దం మీట మీద వేలు పెట్టి, ఉన్న బలమంతా పెట్టి నొక్కాడు. శబ్దం పెరగలేదు, తగ్గలేదు. ఆవిడ పులిహోర కలుపుతూ ఇది గమనించలేదు. ఆయనకి మాత్రం అంతా తెలిసిపోయింది. రిమోటు ఆవిడ చేతిలో పనిచేసింది, తన చేతిలో పనిచేయలేదు. అంటే పాడైంది రిమోటు కాదు. వేలు కదులుతున్నట్టే కనబడుతోంది గానీ, అందులో నొక్కేంత ప్రాణం లేదన్నమాట. ఆయనకి చచ్చేంత భయం వేసింది. ఆ భయాన్ని చెప్పుకునే దారి కూడా ఆ వేలే కాబట్టి ఎవరికీ చెప్పలేకపోయాడు.

దశమి నాడు కొట్టు తీయలేదు. భర్త పొద్దుటి నుంచీ టీవీ మార్చకుండా పడుకోవడం చూసి బాలసరస్వతికి అనుమానం వచ్చింది. నొక్కించి చూసింది. మారలేదు. ఇక చీర కుచ్చెళ్లు దోపుకుని రంగంలోకి దిగింది. రిమోటుకి కొన్న రోజు నుంచీ ఉన్న ప్లాస్టిక్ కవరు చింపేసింది. వెనక మూత తీసి సెల్లులు అటూ ఇటూ దొర్లించింది. పంటితో కొరికింది. స్ప్రింగులు కాగితంతో రుద్దింది. అరచేతిలో నాలుగు దెబ్బలు వేసింది. ఆఖరికి గోడ గడియారం దించి అందులోని సెల్లు, దాని పక్కన కొత్తది ఇంకొకటి వేసింది. రెండూ ఇరవైకి గడియారం ఆగిపోయింది. ఇన్ని చేసినా కథ మారలేదు. ఆవిడ టీవీ ముందు నిలబడి నొక్కితే వస్తోంది, మంచం మీద ఆయన నొక్కితే రావడం లేదు.

ఆవిడ ఆయన వేలి వైపు ఒక్క క్షణం చూసింది. తరువాత, ఏమీ ఎరగనట్టు, టీవీ పక్కకి వెళ్లి నిలబడింది.

"ఇప్పుడు నొక్కండి" అంది.

ఆయన నొక్కాడు. టీవీ వచ్చింది. ఒంట్లో పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది ఆయనకి. మళ్లీ నొక్కాడు, ఆగిపోయింది. మళ్లీ నొక్కాడు, వచ్చింది. ఆ సంతోషంలో చూపు పక్కకి తిరిగింది. బీరువా అద్దంలో టీవీ వెనక భాగం కనబడుతోంది. అక్కడ బాలసరస్వతి వేళ్లు, గాజులు చప్పుడు కాకుండా, టీవీకున్న మీటని తడుముతున్నాయి. ఆయన వేలు కదిలినప్పుడల్లా ఆవిడే నొక్కుతోంది.

అబద్ధం ఆడటం చేతకాని మనిషి ఇంత పని చేసిందంటే, వేలు పోయిందని ఆవిడ కూడా నమ్మేసిందన్నమాట. ఆయన కళ్లు మూసుకున్నాడు. బొటనవేలిని రిమోటు మీద నుంచి పక్కకి జార్చేశాడు.

గడియారం చప్పుడు లేని ఆ గదిలో మధ్యాహ్నం ఎంతసేపు నడిచిందో తెలియదు. ఆయన కొల్లేరు మధ్యలో దోనె మీద ఉన్నాడు. చుట్టూ చెరువుల్లో మనుషులు నడుంలోతు నీళ్లలో నిలబడి ఉన్నారు. అందరూ తన దగ్గర మేత కొన్నవాళ్లే. ఏదో అడుగుతూ తన వైపు చూస్తున్నారు. ఆయన నోరు తెరిస్తే పొగమంచు వస్తోంది. ఆ మంచు నీళ్ల మీద పరుచుకుని, ఒక్కొక్క మనిషినీ కప్పేస్తోంది. దోనె తనంతట తనే వెనక్కి వెళుతోంది. ఆయన దాన్ని ఆపాలని కూడా అనుకోలేదు.

"ఏవండీ" అన్న పిలుపుకి దోనె ఆగింది.

బాలసరస్వతి చేతిలో సెల్‌ఫోనుతో మంచం మీద కూర్చుని ఉంది. సెంటర్లో టీవీలు బాగుచేసే తాతారావుకి ఫోన్ చేసిందట. పండగ కాబట్టి రాలేనన్నాడు గానీ, ఒక కిటుకు చెప్పాడు. రిమోటు కొసన చిన్న బుడిపెలాంటి బల్బు ఉంటుంది. మీట నొక్కితే అది వెలుగుతుంది, కానీ ఆ వెలుగు మనిషి కంటికి ఆనదు. సెల్‌ఫోను కెమెరాలో చూస్తే మాత్రం కనబడుతుంది. ఎవరు నొక్కినా సరే, మీట దిగిందా లేదా అన్నది అక్కడే తేలిపోతుందన్నాడు.

ఆవిడ ముందు తను నొక్కి చూపించింది. ఫోన్ తెర మీద శంఖుపువ్వు రంగులో చిన్న వెలుగు టపటపా కొట్టుకుంది. రిమోటు ఆయన చేతిలో కట్టి, దాని ముందు ఫోను పట్టుకుని, నొక్కమంది.

ఆయన ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. వేలు బతికే ఉందేమోనని ఇప్పటిదాకా ఎక్కడో రవ్వంత ఆశ మిగిలి ఉంది. నొక్కితే, ఆ వెలుగు రాకపోతే, అది కూడా మిగలదు.

బాలసరస్వతి ఫోను దించలేదు. బయట ఒక గూడబాతు రెక్క కదపకుండా చెరువు మీదుగా జారిపోయింది.

"రాకపోతే రాలేదండీ" అంది మెల్లిగా. "రేపట్నించి కనురెప్పతో నేర్చుకుందాం. దాంతోనూ కాకపోతే ఇంకోటి చూద్దాం. మీరు చెప్పడం కావాలి నాకు. దేంతో చెబితే ఏంటండీ?"

ఆయన తల ఇటు తిప్పాడు. వేలిని మీట మీదికి తెచ్చుకోవడానికే ఎంతో సేపు పట్టింది. నొక్కాడు.

వెలిగింది.

తెర మీద తన బొటనవేలు, దాని మీద పాత గాయం మచ్చ, ఆ ముందు శంఖుపువ్వు రంగు వెలుగు. ఆయన వేలు తీశాడు, ఆరిపోయింది. నొక్కాడు, వెలిగింది. ఆవిడ వెలిగించినదానికీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. బాలసరస్వతి పెదవులు బిగబట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ఆవిడ చెంపలు తడిసిపోతున్నాయి, తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

కాసేపటికి తేరుకుని, తాతారావుకి మళ్లీ ఫోన్ చేసి, స్పీకరు పెట్టింది. వెలుగు బాగానే వస్తోందని చెప్పింది. మరి టీవీకి ఏమొచ్చిందని అడిగింది.

"అమ్మగారూ, నిన్న పూజలో టీవీకి కూడా బొట్టు పెట్టారాండి?" అన్నాడు తాతారావు.

పెట్టింది. కాటాకి, ఫ్రిజ్జుకి, గ్రైండరుకి, స్కూటరుకి పెట్టినట్టే, గంధం చిక్కగా రాసి, దాని మీద కుంకుమ అద్ది, టీవీకి కూడా, పొద్దుట తుడిచాక ఆయన కునుకులో ఉన్నప్పుడు, కింది అంచున సరిగ్గా నడిమధ్యన పెట్టింది. ఆవిడ పుట్టింట్లో బొట్టు పక్కకి పోతే ఒప్పుకునేవారు కాదు. రిమోటు వెలుగుని చూసే టీవీ కన్ను కూడా సరిగ్గా అక్కడే ఉందని తాతారావు చెప్పాడు. దగ్గరికి వెళ్లి నొక్కితే గంధంలోంచి కొంచెం దూరుతుందనీ, మంచం మీంచి నొక్కితే అందదనీ, ఏటా దసరా వెళ్లగానే తనకి ఇలాంటి ఫోన్లు నాలుగైదు వస్తాయనీ, ముందే అడగకపోవడం తన తప్పేననీ అన్నాడు. అక్కడ ఎర్రగా ఉన్నదాన్ని మల్లేశ్వరరావు నిన్నటి నుంచీ టీవీ దీపమే అనుకుంటున్నాడు.

బాలసరస్వతికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఫోనులో మళ్లీ కెమెరా తెరిచి, ఆయన చేతి ఎదుట దిండుకి ఆనించి, గుడ్డ తడిపి తెచ్చింది. టీవీ ముందు వంగి, తుడవబోతూ, ఎందుకో వెనక్కి తిరిగి చూసింది.

దిండుకి ఆనించిన ఫోన్ తెర మీద వెలుగు వస్తూ పోతూ ఉంది.

ఆయన నొక్కుతున్నాడు. దాహం లేదు, ఆకలి లేదు. టీవీ కన్ను ఇంకా మూసే ఉంది, ఏ మీట నొక్కినా చానెల్ మారదు, శబ్దం పెరగదు. ఎనిమిది నెలలుగా ఆయన చెప్పినవన్నీ నీళ్లు, అన్నం, కోపం. ఇప్పుడు వేటికీ అర్థం లేదు కాబట్టి ఏదైనా చెప్పుకోవచ్చు. రాత్రంతా ఎంత భయపడ్డాడో చెబుతున్నాడు. అద్దంలో నీ వేళ్లు చూశాను, కోపం రాలేదు అని చెబుతున్నాడు. కొట్లో నువ్వు కూర్చున్న తరువాత రైతులు తగ్గలేదని విన్నాను, అదీ నీతో అనలేదు అని చెబుతున్నాడు.

ఆవిడ తడిగుడ్డ చేతిలో పట్టుకునే వచ్చి మంచం మీద కూర్చుంది. అందులో ఒక్క ముక్క కూడా ఆవిడకి తెలిసే వీలు లేదు. తెర వంక చూస్తూ, వెలుగు వచ్చి ఆగిన ప్రతిసారీ కథ వింటున్న మనిషిలా "ఊఁ" అంది.

ఆయన ఆగితే, "తర్వాతండీ?" అని అడిగింది.