ఎవరూ ఎక్కని షటిల్

డ్రైవర్ అక్కర్లేని ఆ షటిల్ బస్సు మా కళ్లముందే డెరిక్‌ను ఢీకొట్టింది. 2015 చలికాలం, ఫార్మింగ్టన్ హిల్స్ శివార్లలో కంపెనీ టెస్ట్ ట్రాక్. మంచు కురుస్తోంది. డెరిక్ ట్రాక్ మీద మంచు తోసే మనిషి. షటిల్‌లో కూర్చున్న పూజిత బ్రేక్ అదిమిపట్టే ఉంది. బండి మాత్రం ఆగలేదు. డెరిక్ కాలు నుజ్జయింది.

అంబులెన్స్ గేటు దాటకముందే మేనేజర్ చక్రపాణి వచ్చాడు.

"బ్రేక్ లేట్‌గా వేశానని ఒప్పుకో అమ్మా. డ్రైవర్ లేకుండా నడిచే షటిల్ దేశంలోనే ఫస్ట్ మనది. శుక్రవారం ఊరి రోడ్డు మీద లాంచ్. సిస్టమ్‌లో తప్పుందంటే అంతా ఆగిపోద్ది."

"టైమ్‌కే వేశాను సర్. మంచులో అది మనిషిని చూడట్లేదు, మన బ్రేక్ మాటా వినట్లేదు. ముందే చెప్పాం కదా!"

"నీ వీసా సంగతి ఆలోచించుకో."

పూజిత ఒప్పుకోలేదు. సాయంత్రానికి ఉద్యోగం పోయింది. తప్పు ఆమెదేనని కంపెనీ పత్రికలకు చెప్పింది.

యంత్రం తప్పు చేస్తే బండి ఆపడానికి అందులో కూర్చునేవాళ్లం మేమంతా. ఎమ్మెస్ చేసి తాత్కాలిక అనుమతి మీద పనిచేస్తున్న తెలుగు పిల్లలం. ఆదివారం డెరిక్ ఇంట్లో చేరాం. అతని భార్య డెనీస్ మా షెడ్డులోనే మెకానిక్.

"వీసా స్టేటస్ పోతే ఇండియా ఫ్లైట్ ఎక్కుడే. సైలెంట్‌గ ఉందాం" అన్నాడు లోకేష్.

జ్ఞానప్రసూన కస్సుమంది. "ఇన్నాళ్లూ సైలెంట్‌గానే ఉన్నాంగా? శుక్రవారం రోడ్డు మీద పిల్లలుంటారు. ఎవరికైనా తగిలితే జైలుకెళ్లేది సీట్లో ఉన్న నువ్వే!"

"మిమ్మల్ని వీసాతో బెదిరిస్తారు, మమ్మల్ని డెరిక్ వైద్యానికి కావాల్సిన ఇన్సూరెన్స్‌తో" అంది డెనీస్ ఇంగ్లీషులో. "బెదిరించేవాడు ఒకడే."

లోకేష్ డెనీస్ వైపు తిరిగాడు. "శుక్రవారం నేనైతే ఆ బండి ఎక్క" అన్నాడు.

శుక్రవారం కూడా మంచే. కంపెనీ గేటు బయట రోడ్డు మీద రిబ్బను, కెమెరాలు, పోలీసులు, బారికేడ్ల వెనక జనం. చక్రపాణి షటిల్ తలుపు తీసి లోకేష్‌ను పిలిచాడు. లోకేష్ బండి ఎక్కలేదు, బండి ముందుకెళ్లి నిలబడ్డాడు. అతని పక్కన మేం. షెడ్డులోంచి డెనీస్, మిగతా మెకానిక్‌లు వచ్చి మాతో కలిశారు.

జనంలోంచి పూజిత వచ్చి, రిబ్బను దగ్గరున్న కంపెనీ యజమాని ఎదుట ఆగింది.

"ఈ బండి మీద మీకు నమ్మకముంటే మాతో దీని ముందు నిలబడండి సర్."

కెమెరాలన్నీ అతని వైపు తిరిగాయి. అతను పోలీసుల వైపు చూశాడు. వాళ్లు పూజితకూ లోకేష్‌కూ బేడీలు వేశారు.

"ఎక్కినవాళ్లకి హెచ్-వన్ వీసా నేను చేయిస్తా! ఎవరెక్కుతారు?" చక్రపాణి గొంతు చించుకున్నాడు.

బండి వైపు ఎవరూ కదల్లేదు. జ్ఞానప్రసూన ఒక్కతే కదిలి, లోకేష్ ఖాళీ చేసిన చోట నిలబడింది. అప్పుడు బారికేడ్ పక్కకు జరిగిన చప్పుడైంది. ఊరి జనం రోడ్డు మీదికి, మా వరుసలో నిలబడడానికి, నడిచి వస్తున్నారు.