కిటికీ కింద ఎండుటాకు

మందుబాబు పెరట్లో గొంతుక్కూర్చుని పిచికారీ గొట్టం మూతిలో పిన్నీసు తిప్పుతున్నాడు. మూతి పూడుకుంటే మందు తుంపరగా పడదు, ధారగా కారిపోతుంది. ఇళ్లలో, హోటళ్లలో బొద్దింకలకూ చెదలకూ మందు కొట్టడం అతని పని. జన్మలో చుక్క ముట్టకపోయినా ఆ పేరు అంటుకుపోయింది. వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా పొరలు లేచింది. ఎంత తోమినా ఒంటినుంచి ఆ ఘాటు పోదు.

"ఏమండీ, వచ్చింది!" మంచంలోంచి భార్య గొంతు. "కిటికీ కింద చూడండి. మెల్లగా!"

చూశాడు. గోడవార తడి మట్టి మీద ఈగలు ముసురుతున్నాయి. మధ్యలో ఒక ఎండుటాకు.

"ఆకేగా?"

"సీతాకోకచిలకండీ. రెక్కలు మూస్తే అలాగే ఉంటుంది. తెరిస్తే నీలం, అడ్డంగా నారింజ పట్టీ. చిన్నప్పుడు నాన్న అడవిలో చూపించాడు. ఇళ్ల మధ్యకి రాదది. మనింటికొచ్చింది!"

వంటింట్లోంచి అతని అక్క గరిటెతో సహా బయటికొచ్చింది.

"విన్నావురా? నిన్న కూడా ఇదే పాట. మతి తప్పుతోంది దానికి. రేపు ఆసుపత్రిలో పడేద్దాం, నావల్ల కాదు. అన్నట్టు ఆ ఈగలేంట్రా? మందు కొట్టేవాడి కొంపలో ఈగలంటే నలుగురూ నవ్వరూ?"

భార్య గోడవైపు తిరిగింది. జబ్బు ఎముకలదాకా పాకాక డాక్టరు చేతులెత్తేశాడు. ఈ గదిలోనే, ఈ కిటికీ పక్కనే పోవాలని ఆమె కోరిక. ఇంకేమీ అడగలేదు.

"నా మతి బాగానే ఉందండీ," అంది. "మీరొక్కసారి చూస్తే చాలు. మీరు చెబితే వదిన వింటుంది."

"సాయంత్రం చూస్తాలే."

ఆ రోజు పని ఒక హోటల్ వంటగదిలో. గిన్నెలు కడిగే తొట్టి కింద బోర్లా పడుకుని, మొహానికి గుడ్డ కట్టుకుని, పగుళ్లలోకి గొట్టం దూర్చాడు.

"ఏం బాబూ, ఈసారైనా చస్తాయా, నీ మందు తాగి ఇంకా బలుస్తాయా?" అన్నాడు యజమాని.

మందుబాబు నవ్వాడు. ప్రతిసారీ ఇదే మాట, ప్రతిసారీ ఇదే నవ్వు. భార్య ఎన్నడూ అబద్ధమాడలేదు. కానీ నొప్పి మాత్రలకు లేనివి కనిపిస్తాయని డాక్టరే చెప్పాడు. ఎవరిని నమ్మాలి?

ఎండ వాలేసరికి ఇల్లు చేరాడు. డబ్బాలో అడుగున మందు మిగిలింది. కలిపింది మర్నాటికి పనికిరాదు. మిగిలింది ఇంటి చుట్టూ కొట్టేయడం అతని అలవాటు. కిటికీ దగ్గరికొచ్చేసరికి ఈగలు కనిపించాయి. అక్క మాట గుర్తొచ్చింది. పంపు రెండుసార్లు నొక్కాడు.

ఎండుటాకు తెరుచుకుంది.

నీలం. అడ్డంగా నారింజ పట్టీ. రెక్కలు టపటపా కొట్టుకున్నాయి. పక్కకి ఒరిగాయి. ఆగిపోయాయి.

అరచేతిలోకి తీసుకుని లోపలికి పరిగెత్తాడు. "అక్కా! ఇదిగో, చూడు!"

"ఓరి నాయనో, నిజమేరా!" అక్క నోరు నొక్కుకుంది.

"ఇక ఆసుపత్రి మాటెత్తకు."

భార్య కళ్లు తెరిచింది. అతని చేతిని దగ్గరికి లాక్కుంది. మొహం వెలిగింది.

"చూశారా... ఎగరదేం?"

"నిద్రపోతోంది."

ఆ చేతినుంచి ఘాటు ఆమెకు తగిలింది. పాతికేళ్లుగా ఎరిగిన వాసన. రెక్కల మీది తడిని కొంగుతో అద్దింది.

"చేతులు సబ్బుతో కడుక్కుని అన్నం తినండి," అంది.

దీపాలు పెట్టే వేళకు ఆమె ఊపిరి ఆగింది. ఆ గదిలోనే, ఆ కిటికీ పక్కనే.

దుప్పటి మారుద్దామని అక్క దిండు ఎత్తింది. మాత్రలతో తినమని రోజూ తను ఇచ్చే అరటిపండు అక్కడుంది. కిటికీ ఊచలకు దాని గుజ్జు ఎండి అంటుకుని ఉంది. ఇన్నాళ్లూ భార్య దాన్ని తినకుండా గిల్లి గిల్లి కిటికీ కిందికి విసిరిందని, సీతాకోకచిలకా ఈగలూ ఆ గుజ్జుకే వచ్చాయని మందుబాబుకు అప్పుడు అర్థమైంది. సగం అయిపోయింది. మిగతా సగం, బొటనవేలితో మెత్తగా నొక్కి, రేపటికని రుమాలులో చుట్టి ఉంది.