అరచెయ్యంత రేడియో గుడ్డ

విజయనగరంలో అచ్చయ్యే "పెరటిజాజి" మాసపత్రికలో ఆఖరి రెండు పేజీలూ పద్మకుమారివి. ఒక పేజీ నవలలకి, రెండో పేజీ కుట్లు, అల్లికలు, బొమ్మల తయారీ పుస్తకాలకి. ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళు ఏ నవల అద్దెకి తెచ్చుకోవాలో, ఏ అల్లికల పుస్తకం డబ్బు పెట్టి కొనుక్కోవాలో, దేని జోలికి పోకూడదో ఆవిడే చెప్పాలి. మొహమాటమనేది ఆ మనిషి ఒంట్లోనే లేదు. ఓ నవల గురించి "నాయిక పేజీకోసారి ఏడ్చింది, నాకు ఒక్కసారీ ఏడుపు రాలేదు" అని రాసి ఊరుకుంది. ఆ రచయిత ఆ తర్వాత చాలా కాలం పత్రికాఫీసు ఛాయలకి రాలేదట. సంపాదకుడు నరసింగరావు ఆ సంగతి అందరికీ చెప్పుకుని నవ్వేవాడు.

అయితే ఆ సమీక్షలు ఆవిడొక్కతే కూర్చుని రాసేసేదనుకుంటే పొరపాటే. రోజూ మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యాక వాళ్ళ వీధరుగు మీద ముగ్గురు చేరేవారు. అత్తగారు జగ్గమ్మ, పక్కింటి గున్నమ్మ, ఎదురింటి నీలవేణి. పద్మకుమారి నవల పైకి చదివేది. ఆ నెల వచ్చిన అల్లికల పుస్తకం చూసి వీళ్ళు ముగ్గురూ క్రోషా సూదులతో ఏదో ఒకటి అల్లేవారు. ఒక్క విడతలో రెండు పుస్తకాల పనీ తెమిలిపోయేది. సంసారం చేసుకునేవాళ్ళకి ఇంతకంటే తీరిక ఎక్కణ్ణించి వస్తుంది చెప్పండి!

పోయినేడు ఈ పద్ధతే కొంప ముంచింది. పాతపట్నం నుంచి కూర్మమ్మ గారని ఒకావిడ రాసిన అల్లికల పుస్తకం వచ్చింది. అందులో చూసి అల్లిన బల్లగుడ్డ ముగ్గురికీ వంకరపోయింది. ఒక మూల పొడుగు, ఒక మూల పొట్టి. పద్మకుమారి ఆ పుస్తకాన్ని ఏకిపారేసింది. కూర్మమ్మ ఊరుకుంటుందా? "మా వీధి వీధంతా అల్లుకున్నారు, ఎవరిదీ వంకరపోలేదు, మీ ఇంటికే ఏం వచ్చింది?" అని కబురంపింది.

ఇంకొకరైతే మండిపడేవారు. పద్మకుమారికి మాత్రం ఆ సంగతేమిటో తేలిస్తేగాని అన్నం సహించలేదు. ఈసారి నవల మూసేసి, ముగ్గురి చేతా అదే బల్లగుడ్డ మళ్ళీ అల్లించింది. తిన్నగా వచ్చింది! మరి మొదటిసారి ఏమైనట్టు? గున్నమ్మనే అడిగింది.

"నాకేటి తెలుసే? నువ్వు సదువుతుంటే నా సేతులు ఏటి సేస్తన్నాయో నానెప్పుడు సూసాను? పీటల మీంచి పెల్లికొడుకుని పోలీసులు లాక్కెల్లిపోతంటే కుట్లు లెక్కెట్టమంటావేటి!" అంది గున్నమ్మ.

అదీ సంగతి. నవల బాగుంటే కుట్లు జారిపోతాయి, నవల చప్పగా ఉంటే అల్లిక అచ్చుగుద్దినట్టు వస్తుంది. పై నెల పత్రికలో కూర్మమ్మ గారికి క్షమాపణ చెప్పుకుని, ఆ పుస్తకాన్ని మెచ్చుకుంటూ మళ్ళీ రాసింది. అప్పట్నించీ ప్రతి అల్లికనీ రెండుసార్లు అల్లించేది. రెండోసారి నోరు మూసుకుని కూర్చునేది. కాని ఆ మొదటి అల్లికల్ని మాత్రం ఎవరూ లేనప్పుడు తీసి వరసవరసా వెతికి చూసుకునేది. ఎందుకంటే వీళ్ళని నోటితో అడిగితే ప్రతి నవలకీ "బాగున్నాది" అంటారు. పద్మంటే అంత ప్రేమ మరి. చేతులకి ఆ మొహమాటం లేదు.

ఇదిలా ఉండగా ఆవిడ కడుపులో ఇంకో గుట్టు ఉంది. మూడేళ్ళుగా వంటకీ వంటకీ మధ్య తనే ఒక నవల రాసింది. జనపనార మిల్లులో గుమాస్తా అయిన మొగుడు జగన్నాధానికి కూడా చెప్పలేదు. దీపావళి సంచిక నుంచి కొత్త సీరియల్ వెయ్యాలి, వచ్చిన రాతప్రతులు చదివి ఏది బాగుందో చెప్పమని నరసింగరావు ఆ కట్టంతా ఈవిడకే పంపాడు. ఆ కట్టలో తన కాగితాలు కూడా కలిపేసింది. అరుగు మీద ఎవరు రాశారని అడిగితే కొత్తవలస ఆవిడెవరో అంది.

మనసులో ఒక ఒట్టు పెట్టుకుంది. అరుగు మీద కుట్లు జారితే నవల నరసింగరావు చేతికి వెళుతుంది. జారకపోతే నీళ్ళపొయ్యిలోకి పోతుంది, ఇక ఈ జన్మలో కథ రాయదు. ఇన్నాళ్ళూ పరాయివాళ్ళ నవలల్ని ఏ కొలతతో కొలిచిందో, తనదీ దాంతోనే కొలవాలి కదా. లేకపోతే ఆ ఆఖరి రెండు పేజీలూ రాసే మొహం తనకేదీ?

ఆ నవలకి మూలం ఎవరో కాదు, జగ్గమ్మే. జగ్గమ్మ పడుచుతనంలో, మొగుడు ఓడెక్కి బర్మా దేశం వెళ్ళి రంగంలో పని చేసుకునే రోజుల్లో, అతని దగ్గరికి వెళతానని పెట్టె సర్దుకుని కళింగపట్నం దాకా వెళ్ళి, కెరటాలు చూసి జడుసుకుని తిరిగొచ్చేసిందని చుట్టాలందరికీ తెలుసు. ముప్పై యేళ్ళు దాటినా పెళ్ళిళ్ళలో ఆవిణ్ణి ఏడిపిస్తూనే ఉంటారు. "జగ్గమ్మక్కా, గోలెంలో నీల్లు సూసినా బయమేనేటి?" అని ఒకరంటే పందిరంతా నవ్వుతుంది. జగ్గమ్మ కూడా నవ్వుతుంది. పద్మకుమారికి మాత్రం కాపరానికి వచ్చిన నాటినుంచీ ఆ కథ గొంతు దిగలేదు. కుమ్మే ఎద్దుని ముక్కుతాడు పట్టి నిలబెట్టిన మనిషి, పెరట్లో పామొస్తే చీపురుకట్టతో తరిమిన మనిషి, కెరటానికి జడుసుకోవడమేమిటి? ఎలా జడుసుకుని ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు దారిలో ఏమనుకుని ఉంటుంది అని ఊహించుకుంటూ ఊహించుకుంటూ నవల రాసేసింది. పేర్లు మార్చింది. కళింగపట్నం రేవుని బారువ రేవు చేసింది. ఇంకెవరు పోల్చుకుంటారులే అనుకుంది, పిచ్చి మొహం!

చదవడం మొదలెట్టింది. ఆ నెల పని రేడియో గుడ్డ. రేడియో మీద కప్పి, ముందుకి జాలరు అంచులా వేలాడే తెల్లదారం అల్లిక. పద్మకుమారి కళ్ళు కాగితం మీద ఉన్నాయిగాని చెవులు సూదుల మీదే ఉన్నాయి. చప్పుడు ఆగుతుందేమోనని చూసింది. ఆగలేదు. నాయిక ఊరొదిలింది, సూదులు ఆడుతూనే ఉన్నాయి. నాయిక రేవు చేరింది, ఆడుతూనే ఉన్నాయి. కెరటం చూసి ఆ పిల్ల వణికిపోయే ఘట్టం తన ప్రాణమంతా పెట్టి రాసుకున్నది. ఒక్కో మాటా నిలిపి నిలిపి చదివింది.

"ఒలే నీలవేణీ, ఆ దారపుండ ఇలాగ తియ్యే," అంది గున్నమ్మ.

పద్మకుమారికి కాగితాలు అక్కడే మూసెయ్యాలనిపించింది. ఐనా ఆపలేదు. తర్వాతి మధ్యాహ్నాలన్నీ అలాగే చదివి ముగించింది. భయపడి తిరిగొచ్చిన ఆ పిల్ల, ఏళ్ళ తరవాత మొగుడు వచ్చాక అతని ముందు జన్మంతా తలొంచుకుని బతకడంతో కథ అయిపోతుంది.

"బాగున్నాదే. పాపం, పిరికిది," అని గున్నమ్మ లేచింది.

"బాగుంది వదినా," అని నీలవేణీ లేచింది.

వాళ్ళు వెళ్ళాక, అరుగు మీద వదిలిన అల్లికల బుట్టలు దగ్గరికి లాక్కుంది. గున్నమ్మ గుడ్డ తీసి వెలుగుకి పెట్టింది. ఒక్క కుట్టు జారలేదు. నీలవేణిది చూసింది. అంచు కూడా పూర్తిచేసి పెట్టింది, దిష్టి తగిలేలా ఉంది! ఆ అల్లికల పుస్తకానికి అంతకంటే మంచి రుజువు అక్కర్లేదు. మూడో బుట్ట తియ్యనే లేదు. ఎందుకు తియ్యడం? కళ్ళనీళ్ళు కారిపోయాయి. సిగ్గూ, కోపమూ రెండూ కలిసి వచ్చాయి. మొదటి నవలతో దెబ్బతిన్న రచయితలు తన సమీక్షలు చదివి ఎలా ఏడ్చి ఉంటారో అప్పుడు తెలిసొచ్చింది. కాగితాలు చంకన పెట్టుకుని పెరట్లోకి నడిచింది.

నీళ్ళపొయ్యి దగ్గర జగ్గమ్మ కూర్చుని ఉంది. కొడుకు మిల్లు నుంచి వచ్చే వేళకి వేణ్ణీళ్ళు ఆవిడే కాస్తుంది.

"ఏటే ఆ కాయితాలు?"

"పనికిరాని నవల అత్తా. తిరిగి పంపక్కర్లేదట."

"నా అల్లిక సూసావా?"

"లేదు."

"ఎల్లి సూసిరా."

పద్మకుమారి విసుక్కుంటూనే వెళ్ళి బుట్ట తెచ్చింది. జగ్గమ్మ రేడియో గుడ్డ అరచెయ్యంత ఉంది. మొదటి రోజు ఎంత అల్లిందో అంతే. సూది ఆఖరి కుట్టులో గుచ్చినట్టే ఉంది. తప్పు లేదు, ఎందుకంటే అసలు పనే లేదు. మెత్తగా ఆడే ఆ రెండు సూదుల చప్పుడు వింటూ మూడోది ఎప్పుడాగిపోయిందో తను కనిపెట్టనే లేదు.

"అల్లలేదేం అత్తా?"

"అల్లితే ఇనపడదే," అంది జగ్గమ్మ, కట్టె ముందుకి తోస్తూ. "ఆ కొత్తవలస ఆవిడెవులో, ఓసారి నాకు సూపించు. నాలుగు సివాట్లు ఎయ్యాల."

"ఎందుకు?"

"బయపడి వచ్చీసిందని రాసినాది. అబద్దాలకోరు."

పద్మకుమారి బుట్ట కింద పెట్టింది. "ఆ అబద్ధాలు రాసింది నేనే అత్తా," అంది.

"తెలుసులే. మూడేల్లయి పప్పు మాడిపోతంటే తెల్దేటి? రాసుకుంతన్నాదిలే అనీసి ఊరుకున్నాను. నా సంగతే రాస్తన్నావని మాత్రం తెల్దు. కూకో ఇలాగ."

పద్మకుమారి పొయ్యి పక్కన చతికిలబడింది. జగ్గమ్మ మంట కేసి చూస్తూనే చెప్పుకొచ్చింది.

"సముద్రమంటే నాకు బయమేటే? మాయమ్మోలి పొలం గట్టెక్కితే కనపడీది. ఓడ ఎక్కడో దూరంగా ఆగీది. పడవల మీద తీసుకెల్లీవోరు. ఓడ దిగినోల్లని ఒక పడవ ఒడ్డుకి తెచ్చినాది. ఆల్లు దిగితే మేం ఎక్కాల. అందుల మా ఊరి అసిరయ్య ఉన్నాడు. నన్ను సూసాడు, నా పెట్టె సూసాడు. ఎక్కడికే జగ్గమ్మా అన్నాడు. ఇంకెక్కడికి, మా ఇంటాయన కాడికన్నాను. ఆడు తల దించీసుకున్నాడు. ఎల్లకమ్మా, అక్కడ బర్మా పిల్లని సేసుకున్నాడు, ఏడాది గుంటడు కూడా ఉన్నాడన్నాడు."

పద్మకుమారి ఇంకా దగ్గరికి జరిగింది.

"పెట్టె నెత్తినెట్టుకుని ఎనక్కి వచ్చీసాను. ఇంటికాడ అందరూ ఏటే ఏటే అని మీద పడ్డారు. ఏటని సెప్పను? కెరటం సూసి బయమేసిందన్నాను. ఆ మాటే ఉండిపోనాది. అసిరయ్య సేత ఒట్టేయించుకున్నాను. ఆడూ పోనాడు."

"మావగారికి తెలుసా, నీకు తెలుసని?"

"ఎలా తెలస్తాది? యుద్దం వచ్చినాది, బాంబులేసారు, బర్మా నుంచి అడవులంట నడిచొచ్చాడు. కాల్లు రెండూ పుల్లు పడిపోనాయి. గుమ్మంలో నిలబడితే పోల్చుకోనేకపోనాను. కాల్లు కడిగాను, అన్నం కలిపి పెట్టాను. ఏడాది తిరక్కుండా నీ మొగుడు పుట్టాడు. పోయీదాకా మంచిగానే సూసుకున్నాడే మీ మావ. పందిట్లో జనం నన్ను నవ్వితే ఆయనా నవ్వీవోడు. అదొక్కటే నాకు మండీది. పిరికిదాన్నయిపోనాను గదా, ఆయన కల్లకి కూడా!"

చంకలో కాగితాలు పద్మకుమారికి రాళ్ళంత బరువనిపించాయి. గున్నమ్మ చేతులు ఎందుకు ఆగలేదో ఇప్పుడు తెలిసింది. భయపడే పిల్ల భయపడి తిరిగొచ్చింది, అందులో తెలుసుకోవాలనిపించేదేముంది? ఇదే నవల వేరెవరైనా రాసి ఉంటే "రచయిత్రికి కూడా తన నాయిక గురించి తెలుసుకోవాలనిపించలేదు" అని తనే దులిపేసి ఉండేది. అడిగితే చెప్పే మనిషిని పక్కన పెట్టుకుని, మూడేళ్ళు ఊహించుకుంటూ కూర్చుంది. అత్తని అడగాలని ఒక్కనాడు కూడా తోచలేదు. ఆ సిగ్గుకి తలెత్తలేకపోయింది.

"కాల్చకు," అంది జగ్గమ్మ. "ఆ పిల్లకి బయం నేదని మార్చి రాయు."

"రాస్తే అచ్చవుతుంది అత్తా. అప్పుడు మీ అబ్బాయికి కూడా తెలిసిపోతుంది."

"తెలస్తే తెల్నీ. ఆడికీ ఓ అన్న ఉన్నాడని ఆడికి తెలియొద్దేటి?"

నీళ్ళు కాగి పొగలొస్తున్నాయి. జగ్గమ్మ కట్టె వెనక్కి లాగలేదు. ఏదో అడగాలని, అడగలేక కొంగు వేలికి చుట్టుకుంటోంది. అత్తగారు మాట కోసం తడుముకోవడం పద్మకుమారి ఎన్నడూ చూడలేదు.

"ఒలే పద్మా, ఆ గుంటడు ఏటయ్యాడే?"

"ఎవరు?"

"ఆ గుంటడే. మీ మావ ఒక్కడే వచ్చాడు గదా. ఆ తల్లీ గుంటడూ బాంబులకి పోనారో, వత్తా వత్తా దారిలో పోనారో, అక్కడే ఉండిపోనారో. అడిగితే నాకు తెలుసని తెలిసిపోతాది. కాల్లు కడిగిన్నాడు అడగనేకపోనాను, ఆయన మంచం మీదుండగా కూడా అడగనేకపోనాను. ఎప్పుడన్నా ఆయన పెరట్లో ఒక్కడూ కూకుంతే, ఆడినే తలుసుకుంతన్నాడేటో అనుకునీదాన్ని. కతలు రాసీవోల్లకి ఇలాంటియి తెలస్తాయంటారు గదా?"

"నాకెలా తెలుస్తుంది అత్తా?" అంది పద్మకుమారి.

"తెల్దులే. నాకూ తెల్దు." జగ్గమ్మ కోడలి చంకలోంచి కాగితాలు తీసుకుని, బూడిద అంటకుండా కొంగుతో తుడిచి మళ్ళీ ఆవిడ ఒళ్ళోనే పెట్టింది. "బతికున్నాడని రాయు. ఆడికిప్పుడు ముప్పై దాటుంటాయి. పెల్లి కూడా అయ్యుంటాది."