పదకొండు జబ్బులు

తడి తువ్వాలు మంచం మీద పడేయొద్దన్నందుకు, పదో తరగతి చదివే మా అమ్మాయి ఫోన్లో రీల్ చూసి నాకు 'కంట్రోల్ జబ్బు' ఉందని తేల్చేసింది. అది విని నవ్వినందుకు వాళ్ల నాన్నకు 'భావశూన్యత' అంటగట్టింది. ఇంట్లో ఆరోగ్యంగా మిగిలింది గోడ మీది బల్లి ఒక్కటే.

"మరి నీకేముందే, డాక్టరమ్మా?" అన్నాను.

"పదకొండుసార్లు ఆన్‌లైన్ టెస్ట్ చేసుకున్నానమ్మా. ప్రతిసారీ వేరే జబ్బొస్తోంది." నవ్వబోయి, ఫోన్ బోర్లా పెట్టేసింది. "నెల నుంచీ నిద్ర పట్టట్లేదు."

తువ్వాలు ఎక్కడ పడినా కనిపెట్టే నాకు ఆ సంగతి మాత్రం కనబడలేదు.

భోజనాల దగ్గర ఆయన ప్రకటించారు: "రేపు సెలవు పెట్టాను. లైకులు అడగని డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్తున్నాం."

"నువ్వెందుకు నాన్నా?"

"నాకు భావశూన్యత కదమ్మా!" అంటూ కళ్లు తుడుచుకున్నారు.