వరస అందింది

ఆ ఉదయం వదినకు కాలు ఒకచోట నిలవలేదు.

పదహారేళ్లుగా ఆమె స్వెట్టర్లు అల్లుతోంది. ఇంటి ముందు గది దుకాణం, వెనక గది కార్ఖానా. రెండు వందల సూదులున్న పాత అల్లిక మిషను ఆమె చేతికింద ఏనాడూ మొరాయించలేదు. ఇప్పుడు దాని పొట్ట విప్పి, లోపలి మీటలకు తీగలు తగిలించి, వాటన్నిటినీ అరచేతంత సర్క్యూట్ బోర్డుకు కలిపేసింది మరదలు. మరదలంటే వదిన భర్తకు చెల్లెలు, ఒక శిక్షణ కేంద్రంలో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. కంప్యూటరు బొమ్మను ఒక్కో వరసగా బోర్డుకు పంపాలి. ఏ సూది ఏ రంగు దారం అందుకోవాలో బోర్డు మిషనుకు చెప్పాలి. అదీ పథకం.

ఇంత హడావుడికీ కారణం చిన్నపిల్లల బడి హెడ్మిస్ట్రెస్. నలభై రెండు స్వెట్టర్లు కావాలంది. ప్రతిదాని మీదా అది వేసుకునే బిడ్డ పేరు ఉండాలట, అదీ బిడ్డ తన చేత్తో రాసుకున్న వంకర అక్షరాల్లోనే! అట్టలకు చిల్లులు పొడిచి అల్లే పాత పద్ధతిలో ఒక్కో పేరుకు ఒక పూట పడుతుంది. అయినా వదిన ముందూ వెనకా చూడకుండా ఒప్పేసుకుంది. నమూనా చూడడానికి ఆవిడ సాయంత్రం నాలుగింటికి వస్తానంది.

“బోర్డు మీద దీపం వెలుగుతోంది కదే, మరి కంప్యూటరుకు కనపడదేం?” అంది వదిన.

“నాకూ అదే అంతుపట్టట్లేదు వదినా.”

మరదలు తెర మీద జాబితాను పదోసారి వెతికింది. బోర్డు పేరు లేదు. వైరును చేత్తో తడుముతూ వెళ్లి, ఉన్నట్టుండి నాలుక కరుచుకుంది. “ఇది అన్నయ్య ఛార్జింగు వైరు! కరెంటు మోస్తుంది గానీ మాటలు మొయ్యదు.”

“అచ్చం మీ అన్నయ్యలాగే. బస్తాలు మోస్తాడు, ఒక్క కబురూ చేరవెయ్యడు,” అంటూ వదిన పరుగున వెళ్లి, తన ఫోను డబ్బాలో వచ్చిన వైరు పట్టుకొచ్చింది. అది తగిలించగానే జాబితాలో కొత్త పేరొకటి ఊడిపడింది. ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్లు చల్లారకముందే బోర్డు నుంచి జవాబొచ్చింది. అంతా గజిబిజి. ప్రశ్నార్థకాలు, డబ్బాలు, కొక్కేలు.

“తిడుతోందా ఏమిటి మనల్ని?”

“కాదు వదినా, రెండూ ఒకే వేగంతో మాట్లాడుకోవాలి. ఇదేమో గడగడా వాగుతోంది, అదేమో తీరిగ్గా వింటోంది.” మరదలు రెండు చోట్లా ఒకే అంకె పెట్టింది. ఈసారి తెర మీద స్పష్టంగా ఒకే మాట: సిద్ధం.

వదిన గబగబా మిషను ముందు కూర్చుంది. నీలం దారం, తెల్ల దారం ఎక్కించి సూదుల మీద జారే బండిని అటూ ఇటూ తోసింది. సర్రుమంటూ పది వరసలు దిగాయి. పదకొండో వరస నుంచి అక్షరం నడుం విరిగింది. విప్పి మళ్లీ అల్లితే ఈసారి తల ఎగిరిపోయింది. గడియారం రెండు దాటింది.

“నేను పంపినవన్నీ సరిగ్గానే ఉన్నాయి. మధ్యలో ఎక్కడో జారిపోతున్నాయి,” అంది మరదలు గోళ్లు కొరుక్కుంటూ.

“నేను ఒక వరస అల్లేదాకా నీ కంప్యూటరు ఆగుతుందా?”

“ఆగదు. పంపుతూనే ఉంటుంది. బోర్డులో చోటు కొంచెమే, నిండిపోతే మిగతావి నేలపాలే.”

“ఆగకపోతే ఎలాగే! మా అమ్మ లెక్క చదువుతుంటే నేను అల్లేదాన్ని. నేను ‘ఆఁ’ అంటేగానీ అమ్మ తర్వాతి వరస చదివేది కాదు.”

మరదలు లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. “వదినా! అదీ సంగతి! బోర్డు చేత కూడా ‘ఆఁ’ అనిపిస్తాను!”

అరగంట సేపు ఆమె వేళ్లు కంప్యూటరు మీటల మీద వాన కురిపించాయి. ఇక ప్రతి వరస పూర్తయ్యాకే బోర్డు ‘అందింది’ అని వరస నంబరు చెబుతుంది. అది వినిపించేదాకా కంప్యూటరు నోరు కట్టుకుని కూర్చుంటుంది.

వదిన బండి తోసింది. ఒకటి అందింది. రెండు అందింది. పదకొండు దాటింది! ఇరవై దాటింది! నలభై ఎనిమిదో వరసకు ముక్క తెంపి, మంచివైపు తిప్పి చూసి ఉసూరుమంది.

“పోయిందే! ‘ర’ తలకిందులైంది.”

మరదలు పిల్లలు రాసిచ్చిన కాగితాల్లోంచి ఆ పేరున్నది తీసి ముక్క పక్కన పెట్టింది. రెండూ పోల్చి చూసి పకపకా నవ్వింది. “మిషను తప్పు కాదు వదినా. పిల్లాడే అలా రాశాడు!”

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని గిరగిరా తిరుగుతుండగా, గుమ్మంలో హెడ్మిస్ట్రెస్ గొంతు వినిపించింది. “లోపలికి రావచ్చాండీ?”

వదిన ఆ ముక్కను ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని చూసింది, నోరంతా నవ్వైంది.

“ఇది మా బుడంకాయ రాతే! నెల రోజులుగా వాడి ‘ర’ తిప్పలేక చస్తున్నాను. ఇలాగే ఉంచండి, సరిచెయ్యకండి. వాడు చూస్తే అందరికీ చూపించుకుంటూ బడంతా తిరుగుతాడు.” ఆవిడ ముక్కను మరోసారి తడిమింది. “మిగతావి ఎప్పటికి?”

వదిన మరదలి వైపు చూసింది. మరదలు అప్పటికే రెండో కాగితం తెర మీదికి ఎక్కిస్తోంది.

“వచ్చే శనివారానికి పట్టుకెళ్లండి,” అంటూ వదిన ఎర్ర దారం కండె అందుకుంది.