దాదాపు గెలిచిన సంవత్సరం

రేడియోలో సైకిల్ పందాలకు వ్యాఖ్యానం చెప్పే పెద్దమనిషి ఆమెకు "దాదాపు" అని పేరు పెట్టాడు. దాదాపు గెలిచింది, దాదాపు అందుకుంది, దాదాపు చరిత్ర సృష్టించింది అని చెప్పీ చెప్పీ ఆయనకే విసుగొచ్చి, మిగతా మాటలు మానేసి ఆ ఒక్కదానితో సరిపెట్టుకున్నాడు. పేరు ఇట్టే అతుక్కుంది. మంచి పేరు రావడానికి ఏళ్లు పడుతుంది గానీ, ఇలాంటిదానికి ఒక్క పూట చాలు.

ఆమెకు ముప్పై మూడేళ్లు. పన్నెండేళ్లుగా సైకిలు తొక్కే బతుకుతోంది. జట్టుకు డబ్బు పెట్టేది స్నానాల గదుల్లో పరిచే టైల్స్ కంపెనీ. కంపెనీ వారి నినాదం "జారదు" అని చొక్కా మీద ఛాతీకి అడ్డంగా పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ చొక్కా వేసుకునే ఆ ఏడాది ఆమె ఒక్కో గెలుపునూ జారవిడుచుకుంటూ వచ్చింది.

మొదటి పెద్ద పందెం నూట నలభై కిలోమీటర్లు. సగం దారి గుండ్రాళ్లు పరిచిన రోడ్డు, పైన వాన. చివరికి ఇద్దరే మిగిలారు, ఇద్దరూ పక్కపక్కనే గీత దాటారు. జడ్జీలు ఫోటో తెప్పించుకుని పన్నెండు నిమిషాలు తలలు దగ్గర పెట్టి చూశారు. ఆ పన్నెండు నిమిషాలూ ఆమె బురద ముఖంతో, పళ్లు టకటకా కొట్టుకుంటుంటే, సైకిలు పట్టుకుని నిలబడే ఉంది. తేడా రెండు సెంటీమీటర్లని తేలింది.

జట్టు మేనేజర్ భుజం తట్టాడు. "నూట నలభై కిలోమీటర్లూ బ్రహ్మాండంగా తొక్కావమ్మా. ఆ రెండు సెంటీమీటర్లే సరిగ్గా తొక్కలేదు."

ఓదార్చడంలో ఆయనకు ఆయనే సాటి.

రెండో పందెంలో ఆమె అసలు ఎవరికీ అందకుండా పోయింది. ఇంకా పద్నాలుగు కిలోమీటర్లు ఉందనగా ఒంటరిగా, నిమిషం పైగా ముందుంది. ముందు దారి చూపిస్తూ మోటార్ సైకిల్ మీద నిర్వాహకుల తాలూకు మనిషి ఒకడున్నాడు. అతను రోడ్డు చీలిన చోట కుడికి తిరగాల్సింది ఎడమకు తిరిగి, ఆమెను నేరుగా ఒక సూపర్ మార్కెట్ పార్కింగ్ స్థలంలోకి తీసుకెళ్లాడు. సామాన్ల బండ్లు తోసుకుంటున్న జనం చప్పట్లు కొట్టారు కూడా. ఆమె వెనక్కు తిరిగి రోడ్డెక్కేసరికి గుంపంతా దాటిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు. ఊపిరి బిగబట్టి వెంటపడి అందరినీ దాటింది, ఒక్కరిని తప్ప.

నిర్వాహకులు పూలగుత్తి పంపించారు. "జరిగిన దానికి దాదాపు మాదే బాధ్యత" అని చీటీ కూడా పెట్టారు.

మూడోది ఎనిమిది రోజుల పందెం. ఏడు రోజులు ఆమెదే మొదటి స్థానం. ఎనిమిదో రోజు కొండెక్కుతుండగా గొలుసు ఊడింది. జట్టు మెకానిక్ కారులోంచి దూకి, పరుగున వచ్చి, పదకొండు సెకన్లలో ఎక్కించి నెట్టాడు. మొత్తం ఎనిమిది రోజుల మీద ఆమె మూడు సెకన్ల తేడాతో ఓడిపోయింది.

మెకానిక్ అరవయ్యేళ్ల మనిషి. ఆమె ఆయన్ని బాబాయ్ అంటుంది. ఆ సాయంత్రం ఆయన అన్నం ముందు కూర్చుని చేతుల కేసే చూసుకుంటున్నాడు.

"పదకొండు సెకన్లలో ఇంకెవరూ చెయ్యలేరు, బాబాయ్."

"ఏడులో చేసుంటే గెలిచేదానివి కదమ్మా."

"గొలుసు ఊడకుండా ఉంటే ఇంకా బాగుండేది. ఇక తిను."

తల్లి ఫోన్ చేసింది. ఆవిడ ఒక ఆసుపత్రిలో బట్టలుతికే విభాగం చూస్తుంది, పొగడ్తలు దుప్పట్లలా పిండి ఆరేస్తుంది. "మళ్లీ రెండేనా? పోన్లే. మా పనివాళ్లకి చెప్పాను, నిన్ను దాటింది ఒక్కత్తే, నువ్వు దాటింది నూటయాభై మందిని అని. వాళ్లకి ఎక్కలేదనుకో. ఒకటి మాత్రం నిజమే, నీ కప్పులన్నీ ఒకే ఎత్తు. దుమ్ము దులపడం తేలిగ్గా ఉంది."

దీనికి తోడు కొలతల టేపులు తయారుచేసే కంపెనీ ఒకటి ప్రకటనలో నటించమని అడిగింది. ఆమె టేపు పట్టుకుని రెండు సెంటీమీటర్లు చూపిస్తూ నవ్వాలట. మేనేజర్ మంచి అవకాశమన్నాడు. ఆమె ఆ టేపుతో ముందు ఆయన్ని తన నాలుక కొలుచుకుని రమ్మంది.

సీజన్‌లో చివరి పందెం నగరం వీధుల్లో, ఒకే దారిని పన్నెండు సార్లు చుట్టాలి. ఆఖరి చుట్టులో ఆమె ముందుంది. వెనకాల వేరే జట్టు పిల్ల ఒకత్తి, ఇరవై రెండేళ్లది, అందరూ పిట్ట అని పిలిచేది, చక్రానికి చక్రం ఆనించి వస్తోంది. గీత మూడు వందల మీటర్లుందనగా ఒక మలుపు. పిట్ట కుడివైపు నుంచి లేచింది. ఆమె వెనక్కు చూడలేదు. చూడాల్సిన పని లేదు, ఆ పిల్ల ఊపిరి చెవి పక్కనే వినిపిస్తోంది.

ఆమె కుడికి జరిగింది. జానెడు చాలు. ఆమె రెండు జానలు జరిగింది.

పిట్టకు రోడ్డు లేకపోయింది. ఆ పిల్ల సైకిలును ఎగరేసి ఫుట్‌పాత్ ఎక్కించి, దీపస్తంభానికీ పూలకుండీకీ మధ్య నుంచి దూరి, మళ్లీ రోడ్డు మీదికి దిగి, ఒక సైకిలు పొడవు తేడాతో గెలిచింది.

మేనేజర్ గీత దగ్గరే కాచుకుని ఉన్నాడు. "ఫుట్‌పాత్ ఎక్కింది! అది నిషేధం!" అంటూ ఫిర్యాదు రాయడానికి పరుగెత్తాడు. ఆ వయసులో అంత పరుగు ఆయన ఏ పందెంలోనూ చూపించలేదు.

జడ్జీలు దగ్గర్లోని బడిలో ఒక తరగతి గదిలో కూర్చున్నారు. చిన్నపిల్లల బెంచీల్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నా, ప్రధాన జడ్జి ముఖంలో గాంభీర్యం తగ్గలేదు. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుంది. పిట్ట మూల బెంచీలో ఉంది, మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారుతోంది.

"ఫుట్‌పాత్ ఎక్కానని ఈ అమ్మాయి ఒప్పుకుంది. దారి లేక ఎక్కానంటోంది. ఆ మలుపులో కెమెరాకి చెట్టు అడ్డొచ్చింది. అక్కడున్నది మీరిద్దరే," అంది జడ్జి ఆమెతో. "దారి ఉంటే ఈమె గెలుపు రద్దు, మీరే విజేత. దారి లేదంటే తప్పు మీది. చెప్పండి, ఉందా?"

"ఉంది మేడం, బోలెడు ఉంది," అన్నాడు మేనేజర్.

"మీరు సైకిలు మీద ఉన్నారా?"

మేనేజర్ మోచేత్తో ఆమెను పొడిచాడు.

ఆమె పిట్ట కేసి చూసింది. ఆ పిల్ల బతిమాలడం లేదు, ఏడవడం లేదు. బెంచీ మీద ఎవరో చెక్కిన పేర్లను వేలితో తడుముతోంది. ఏడాది పొడుగునా ఆమెకు తిట్టుకోవడానికి ఎవరో ఒకరు దొరికారు. ఒకసారి ఫోటో, ఒకసారి మోటార్ సైకిల్ మహానుభావుడు, ఒకసారి గొలుసు. ఈసారి ఎంత వెతికినా తను తప్ప ఎవరూ దొరకలేదు. ఆ పిల్ల ఆ దీపస్తంభానికి గుద్దుకుని ఉంటే?

"దారి లేదు. నేనే మూసేశాను."

జడ్జి కళ్లద్దాలు తీసింది. "కావాలనా?"

"గెలవాలని."

జడ్జి పెన్ను తీసుకుని ఆమెను అందరికంటే చివర, ఎనభై ఏడో స్థానంలో రాసింది.

బయటికి రాగానే మేనేజర్ అందుకున్నాడు. "తెలివితక్కువతనంలో కూడా నీకు రెండో స్థానమే అనుకున్నాను. ఇవాళ మొదటిదొచ్చింది. కంగ్రాచ్యులేషన్స్!"

ఆమె వెళ్లి జట్టు బస్సు మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పింది. మిగతా పందాల తర్వాత రోజుల తరబడి ఆఖరి క్షణాలు తలలో గిర్రున తిరిగేవి. ఇవాళ ఏదీ తిరగడం లేదు. వేళ్లు నొప్పిగా ఉన్నాయి, అంతే. మెకానిక్ వచ్చి పక్కన కూర్చుని నీళ్లసీసా అందించాడు.

"ఎనభై ఏడా?" అన్నాడు.

"ఎనభై ఏడు."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆమెకూ నవ్వొచ్చింది.

వారం తిరక్కుండా టైల్స్ కంపెనీ ఉత్తరం పంపింది. జట్టులో కొత్త రక్తం ఎక్కించదలిచారట. పాత రక్తం ఎక్కడికి పోవాలో రాయలేదు. ఆమె నెలరోజులు ఇంట్లో కూర్చుని, తల్లితో కలిసి టీవీలో ఇతరులు తొక్కే సైకిళ్లు చూసి, ఎవరు ఎక్కడ తప్పు చేస్తున్నారో తల్లి చెబుతుంటే వింది.

అప్పుడు పిట్ట జట్టు కోచ్ ఫోన్ చేసింది.

"గెలిచే పిల్లలు మా దగ్గర ఉన్నారండీ. వాళ్లకి ముందుండి గాలికి అడ్డంగా తొక్కి, ఆఖర్లో తప్పుకుని గెలిపించేవాళ్లే లేరు. ఆ పనిలో మీకున్న అనుభవం ఇంకెవరికీ లేదు."

ఆమెకు చర్రున కోపమొచ్చింది. "దీన్ని పొగడ్త అనుకోవాలా?"

"ఉద్యోగం అనుకోండి. మిమ్మల్నే అడగమన్నది మా పిట్ట."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. కోపం ఎంతసేపు నిలుస్తుందో చూద్దామని ఆగింది. నిలవలేదు.

"మా మెకానిక్ కూడా వస్తాడు," అంది. "పదకొండు సెకన్ల మనిషి."

వసంతంలో మొదటి సాధన రోజున పిట్ట సైకిలు పక్కకు తెచ్చింది. "అక్కా, ఆఖర్లో నేను ఎటునుంచి రావాలి?"

"ఎడమ నుంచి రా," అంది ఆమె. "కుడివైపు నన్ను నేనే నమ్మను."