తెర వెనక ఏడో నంబరు

ఆ రోజు పొద్దున్నే మా తమ్ముడు కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరగడం మొదలుపెట్టాడు. కాఫీ ఇస్తే కప్పు పట్టుకుని మెట్లెక్కాడు, దిగాడు, చివరికి తాగకుండానే కిటికీ అంచు మీద పెట్టి మరిచిపోయాడు. రెండో కప్పుకీ అదే గతి పట్టింది.

"ఏమిట్రా ఆ తిరుగుడు? చూసే నాకు కళ్ళు తిరుగుతున్నాయి. కూర్చో."

"కూర్చుంటే గుండె చప్పుడు వినిపిస్తోందక్కా."

యాభై ఎనిమిదేళ్ళవాడు, మూడు వందల మంది పనిచేసే పరుపుల ఫ్యాక్టరీ యజమాని, అన్న మాట అది!

వాడికి ఇరవయ్యో ఏట జాజ్ పిచ్చి పట్టింది. పాత శాక్సోఫోన్ ఒకటి ఎక్కడో సంపాదించుకొచ్చాడు. మా నాన్న "ఆ గొట్టం ఊదితే పరుపుల్లో దూది నిండుతుందా?" అని ఫ్యాక్టరీలో కూర్చోబెట్టాడు. కూర్చున్నాడు. కానీ వాడి మనసు మాత్రం కూర్చోలేదు. నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాక కార్మికుల కోసం ఉచిత ఆసుపత్రి కట్టించాడు, వాళ్ళ పిల్లలకు సంగీతం బడి పెట్టాడు. పదకొండేళ్ళుగా ఏటా పై దేశాల వాయిద్యగాళ్ళను పిలిచి మా ఇంట్లోనే నెల రోజులు ఉంచుకుంటాడు, ఇక్కడివాళ్ళను ఇద్దరిని మూడు నెలలపాటు వాళ్ళ దేశం పంపిస్తాడు. వచ్చినవాళ్ళలో ఒకాయన మా పరుపు మరీ మెత్తగా ఉందని నెలంతా నేల మీదే పడుకున్నాడు. మా తమ్ముడి ముఖం అప్పుడు చూడాలి!

ఎవరిని పంపాలన్న దగ్గరే తంటా అంతా. "మా బావమరిది గిటారు అదరగొడతాడండీ" అని ఒకరు, "మా అబ్బాయిని కాస్త చూడండి" అని ఇంకొకరు. విసుగెత్తి వాడే ఒక పద్ధతి పెట్టాడు. వేదికకు అడ్డంగా నల్ల తెర. వాయించేవాడికి పేరుండదు, నంబరే. బయటి నుంచి వచ్చిన పెద్ద వాయిద్యగాడు తెర ముందు కూర్చుని చెవితో మాత్రమే తేల్చాలి.

ఈ ఏడు ఏడో నంబరు ఎవరో తెలుసా? వాడే! ఆ సంగతి నాకు, వాడి కూతురైన నా మేనకోడలికి తప్ప ఎవరికీ తెలియదు. ఈసారి వచ్చిన పియానో పెద్దాయనకు మన మాటలు ఆయన భాషలో చెప్పిపెట్టేది ఆ పిల్లే.

"ఎంపికైతే ఫ్యాక్టరీ నీ మేనకోడలికి అప్పగించి వెళ్ళిపోతానక్కా. కాకపోతే..." అని ఆగి, మళ్ళీ మెట్లెక్కాడు.

మధ్యాహ్నం ఫ్యాక్టరీ భోజనాల హాలు నిండిపోయింది. కార్మికులందరికీ సగం రోజు సెలవు. నేను పియానో పెద్దాయన పక్కన కూర్చున్నాను. తెర వెనక ఒక డ్రమ్ముల అతను ఉన్నాడు, అందరికీ తోడు వాయించేది అతనే. ఒకటో నంబరు, రెండు, మూడు గడిచాయి. నాలుగో నంబరు క్లారినెట్ ఎత్తుకునేసరికి నా చేతిలో కాఫీ చల్లారిపోయినా నాకు తెలియలేదు.

ఏడో నంబరు పిలిచారు. తెర వెనక అడుగుల చప్పుడు అయింది. తరవాత రెండు పొడి దగ్గులు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా ఫ్యాక్టరీలో స్పాంజి కోసే షెడ్డులోకి యజమాని వెళ్ళేటప్పుడు రెండుసార్లు దగ్గుతాడు. అది వినగానే అందరూ బ్లేడు మీంచి చేయి తీసి లేచి నిలబడాలి. ఒకప్పుడు యజమానిని చూసి గబుక్కున లేవబోయి ఒకతను వేలు తెగ్గోసుకుంటే మా నాన్న పెట్టిన నియమం అది. వాయించే ముందు గొంతు సవరించుకున్నాడు పాపం, అలవాటు కొద్దీ అలాగే దగ్గాడు.

అంతే, హాల్లో మూడు వందల కుర్చీలు ఒక్కసారిగా కిర్రుమన్నాయి. అందరూ నిలబడ్డారు! పియానో పెద్దాయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాడు. మేనేజరు నాలుక కరుచుకుని "కూర్చోండి, కూర్చోండి!" అని చేతులు ఊపాడు. అప్పటికే తెర వెనకున్నది ఎవరో ఆయనకు అర్థమైపోయింది.

అయినా మా తమ్ముడు వాయించాడు. చివరి దాకా వాయించి, తెర పక్కకు లాగి బయటికొచ్చాడు.

"ఆయన్ని అడుగమ్మా, నేను పనికొస్తానా?" అన్నాడు కూతురితో.

పెద్దాయన చాలాసేపు గడ్డం రుద్దుకుని ఏదో చెప్పాడు. నా మేనకోడలు తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, ఆయనకు తెలియడం లేదట. ఇంట్లో ఉంచుకుని మర్యాద చేసిన మనిషివని తెలిశాక చెవులు సరిగా పనిచేయడం లేదట. తప్పుగా అనుకోవద్దన్నారు."

వాడు హాలంతా చూశాడు. అందరూ తలలు దించుకున్నారు. చివరికి నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వు లేవలేదు కదా. నువ్వు చెప్పక్కా."

"అందరి ముందా?"

"అందరి ముందే."

చల్లారిన కాఫీ కప్పు కింద పెట్టాను. చెప్పేశాను. "మొదలు బాగుందిరా. మధ్యలో పరుగెత్తావు, ఎవరో తరుముతున్నట్టు. ఆ డ్రమ్ముల అబ్బాయి ఏదో అడుగుతున్నాడు, నువ్వు వినిపించుకోలేదు. నీ మాట ముందు పూర్తి చేయాలని చూశావు. నాలుగో నంబరు అలా కాదు, ఆగి విని జవాబిచ్చింది."

"ముప్పై ఏళ్ళుగా బాగుంది, బాగుంది అన్నావు కదే!"

"ముప్పై ఏళ్ళూ వినిపించావు, బాగుందన్నాను. ఇవాళే కదరా అడిగావు?"

వాడి ముఖం మాడిపోయింది. మిగతా నంబర్లు కూడా అయ్యాక, పెద్దాయన ఎంచిన రెండు నంబర్లూ తనే గట్టిగా చదివాడు. నాలుగు, తొమ్మిది. నాలుగు మా ఆసుపత్రి నర్సే! ఆ పిల్ల ఏడుస్తూ వాడి చేతులు పట్టుకుంది. వాడు నవ్వాడు కానీ కళ్ళు నవ్వలేదు. తరవాత షెడ్డు చుట్టూ ఒక్కడే మూడుసార్లు తిరగడం నేను కారులోంచి చూశాను.

పొద్దు వాలుతుండగా శాక్సోఫోన్‌తో నా గదికి వచ్చాడు. కూర్చోలేదు.

"ఎక్కడ పరుగెత్తానో చూపించు."

"నాకేం తెలుస్తుందిరా ఆ లెక్కలు?"

"మధ్యాహ్నం తెలిసింది కదా! నేను వాయిస్తాను, అక్కడికి రాగానే చెయ్యెత్తు."

వాయించాడు. చెయ్యెత్తాను. "తు!" అని తనను తానే తిట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఎత్తాను. ఐదోసారో ఆరోసారో నేను చెయ్యెత్తగానే కింద హాల్లోంచి పియానో మోగింది. పెద్దాయన పై నుంచి వచ్చేది విని అందులోంచే ఒక ముక్క అందుకున్నాడు. మా వాడి వేళ్ళు అప్పుడే మీటల మీద దురద పెడుతున్నట్టు కదిలాయి, బుగ్గలు ఉబ్బాయి.

నేను చెయ్యి దించలేదు. వాడు నా వంక చూశాడు, ఇప్పుడా అన్నట్టు.

"ఆగు. ఆయన ఇంకా చెబుతున్నాడు" అన్నాను.